తొలి టెలిస్కోప్: హైదరాబాద్ తూర్పు శివార్ల నుంచి ఔత్సాహిక ఖగోళ పరిశీలన

జీతం కోసమో పట్టా కోసమో కాకుండా, ఇష్టం కొద్దీ ఆకాశాన్ని క్రమం తప్పకుండా చూసే వ్యాపకాన్ని ఔత్సాహిక ఖగోళ పరిశీలన అంటారు. ఉత్త కళ్లతోనూ, బైనాక్యులర్‌తోనూ, టెలిస్కోప్‌తోనూ ఇది సాగుతుంది. ఈ వ్యాసం మొదటి టెలిస్కోప్ కొనబోయేవారి కోసం, అందులోనూ ఎల్‌బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, కర్మన్‌ఘాట్, మీర్‌పేట, బాలాపూర్, బడంగ్‌పేట వంటి చోట్ల డాబా ఇళ్లలో ఉండేవారి కోసం. రంగారెడ్డి జిల్లాలోని బడంగ్‌పేట సుమారు 17.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడి ఆకాశంలో ఏవి ఎంత ఎత్తున కనిపిస్తాయో, ఎలాంటి స్టాండు నప్పుతుందో చాలావరకు ఆ ఒక్క అంకే తేలుస్తుంది.

తెలుగునాట దూరదర్శినులు

తెలుగు ప్రాంతాల్లో ఆధునిక ఖగోళ పరిశీలనకు పునాది వేసింది ఔత్సాహికులే. విశాఖపట్నం సంపన్నుడు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాల ఖగోళవేత్త టేలర్ దగ్గర నేర్చుకుని వచ్చి, 1840లో డాబాగార్డెన్స్‌లోని తన ఆవరణలో సొంత వేధశాల కట్టుకున్నాడు. 1856లో ఆయన పోయాక దాన్ని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపించాడు. 6 అంగుళాల కుక్ దూరదర్శిని తెప్పించుకున్నది ఈయనే. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని పరిశీలించి, ఆ వివరాలను లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించాడు. అంతకు ఆరేళ్ల ముందు, 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. ఆ గ్రహణం నాడు సూర్యుడి వర్ణపటంలో నమోదైన పసుపు గీతే తర్వాత హీలియం గుర్తింపుకు దారి తీసింది. గుంటూరు మిర్చికి వచ్చిన పేరులో పదోవంతైనా ఈ సంగతికి రాలేదు.

హైదరాబాద్ కథ బడంగ్‌పేటకు కూతవేటు దూరంలోనే మొదలవుతుంది. సంతోష్‌నగర్ వైపున్న ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ తన ఎస్టేటులో 1901 ప్రాంతంలో వేధశాల పెట్టాడు. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించాడు. వేధశాలకు నిజాం పేరు పెట్టుకునేందుకు అనుమతి పొందాడు. 1907లో నవాబు మరణించగా, మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం నిజామియా వేధశాలను తన చేతిలోకి తీసుకుని బేగంపేటకు తరలించింది. పారిస్‌లో 1887లో తలపెట్టిన అంతర్జాతీయ నక్షత్ర పటంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. చాట్‌వుడ్, పొకాక్, వారి తర్వాత టి.పి.భాస్కరన్ ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి గాజు పలకల మీద ఫొటోలు తీసి లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

అక్కడ ఉద్యోగం చేసిన సునన్న బప్పు కొడుకే వైను బప్పు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లోనే తండ్రి పనిచేసే వేధశాలలో వెలుగు హెచ్చుతగ్గులయ్యే చర నక్షత్రాలను గమనిస్తూ వ్యాసాలు ప్రచురించిన కుర్రవాడు. హైదరాబాద్ ప్రభుత్వ ఉపకార వేతనం మీద హార్వర్డ్ వెళ్లి, 1949 జులైలో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. దానికి బప్పు, బాక్, న్యూకర్క్ ముగ్గురి పేర్లూ కలిపి పెట్టారు. తమిళనాడులోని కావలూరు వేధశాల ఆయన స్థాపించిందే. అక్కడి 2.3 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరే ఉంది. మన దగ్గర ఔత్సాహికుడిగా మొదలై అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్ష పదవి దాకా ఎదిగినవాడు ఈయనొక్కడే.

బేగంపేట చుట్టూ ఊరు పెరిగి దీపాలు ఎక్కువయ్యాక ఉస్మానియా ఆచార్యులు మరో చోటు వెతుక్కున్నారు. ఇబ్రహీంపట్నం దాటాక, నగరానికి యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, జపాల్-రంగాపూర్ గ్రామాల దగ్గర 48 అంగుళాల దూరదర్శినిని 1968 డిసెంబరులో ప్రారంభించారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా దాని మీదుగా సాగింది. దేశవిదేశాల శాస్త్రవేత్తలు రంగాపూర్‌కు తరలివస్తే, నగరంలో చాలామంది తలుపులు బిడాయించుకుని ఇళ్లలోనే ఉండిపోయారు.

గోడ మీది కేలండర్

టెలిస్కోప్ కొనే ముందు ఆకాశం పరిచయం కావాలి. ఇందుకు తెలుగువారి ఇళ్లలో ఒక సాధనం ఇప్పటికే ఉంది. పంచాంగం ముద్రించిన గోడ కేలండర్‌లో ప్రతి గడిలోనూ తిథి, నక్షత్రం వేస్తారు. సూర్యుడి నుంచి చంద్రుడు ఎంత ఎడం జరిగాడో తిథి చెబుతుంది, ఒక్కో తిథికి 12 డిగ్రీలు. చంద్రుడు ఏ నక్షత్రం దాపున ఉన్నాడో ఆ రోజు నక్షత్రం చెబుతుంది. గడిలో రోహిణి అని ఉన్న రాత్రి చంద్రుడికి దగ్గర్లో నారింజ రంగులో మెరిసే చుక్క రోహిణే. నక్షత్ర విభాగాలు సమానంగా కొలిచినవి కాబట్టి అసలు చుక్క కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఉండవచ్చు. అయినా ఒక్క నెల రోజులు ఇలా గమనిస్తే చంద్రుడే వేలుపట్టి ఇరవయ్యేడు నక్షత్రాలనూ చూపిస్తాడు. మాసాల పేర్లు కూడా ఇదే లెక్క. కార్తీక పౌర్ణమి నాడు నిండు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే చుక్కల గుంపు ఇదే.

కార్తెల విషయంలో మాత్రం కొత్తవారు తడబడతారు. ఏటా జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండులో చేప ప్రసాదం పంచుతారు. ఆ రాత్రి డాబా ఎక్కి మృగశిర కోసం వెతికితే కనిపించదు. సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్న కాలమే కార్తె కాబట్టి, ఆ చుక్కలు సూర్యుడితో పాటే ఉదయించి అస్తమిస్తాయి. ఆరు నెలలు ఆగితే, డిసెంబరులో, రాత్రంతా ఆకాశంలో ఉంటాయి. దాని పక్కనే ఆర్ద్ర, ఆ కిందుగా లుబ్ధకుడు.

స్టెల్లేరియం వంటి ఉచిత యాప్‌లు ఫోనులోనే ఆకాశ పటం చూపిస్తాయి. తెలుగులో చదవాలనుకునేవారికి మహీధర నళినీమోహన్ రాసిన ఖగోళ పుస్తకాలు ఇప్పటికీ మంచి ప్రవేశం. డబ్బు విషయంలో తేల్చుకోలేనివారు ముందు 7x50 లేదా 10x50 బైనాక్యులర్ కొనుక్కోవడం మేలు. చంద్రుడి మీది పెద్ద గుంతలు, గురుగ్రహపు నాలుగు చంద్రులు, పిల్లలకోడిలో కంటికి ఆనని పదుల చుక్కలు అందులోనే కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో గురుడి చంద్రులను చూసిన పరికరం కన్నా ఈ రోజు మామూలు బైనాక్యులర్‌లో గాజు నాణ్యత చాలా మెరుగు. టెలిస్కోప్ కొన్నాక కూడా బైనాక్యులర్ మూలన పడదు.

ఏది కొనాలి

దుకాణంలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించేది ఆవర్ధనం: 375 రెట్లు, 525 రెట్లు. ఆ అంకెను నమ్మి కొన్నవారే ఎక్కువగా మోసపోతారు. టెలిస్కోప్ ముఖ్యమైన పని కాంతిని పోగు చేయడం. అది ముందున్న కటకం లేదా లోపలి అద్దం వ్యాసాన్ని బట్టి ఉంటుంది. చీకట్లో మన కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. 70 మి.మీ. కటకం దానికి 100 రెట్లు, 130 మి.మీ. అద్దం సుమారు 345 రెట్లు, 8 అంగుళాల అద్దం 800 రెట్లకు పైగా కాంతిని పోగుచేస్తాయి. కొనేటప్పుడు మొదట అడగాల్సింది ఈ వ్యాసమే.

ఆవర్ధనం కంటి దగ్గర పెట్టే ఐపీస్‌ను బట్టి మారుతుంది. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్) ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేది అదే. 650 మి.మీ. నాభ్యంతరం ఉన్న గొట్టానికి 25 మి.మీ. ఐపీస్ పెడితే 26 రెట్లు, 10 మి.మీ. పెడితే 65 రెట్లు. వ్యాసంలో ఒక్కో మిల్లీమీటరుకు రెండు రెట్లు అనేది పై హద్దు. 70 మి.మీ. పరికరం 140 రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరమేమీ కనిపించదు, పైగా మసకబారుతుంది. నగర శివార్ల గాలిలో ఎంత పెద్ద పరికరమైనా 150 నుంచి 200 రెట్లు దాటించే రాత్రులు తక్కువ.

రకాల సంగతికొస్తే, ముందు కటకం ఉండేది వక్రీభవన దూరదర్శిని. నిర్వహణ తేలిక, 70 నుంచి 90 మి.మీ. సైజు పిల్లలకు బాగుంటుంది. వెనక అద్దం ఉండేది న్యూటన్ పరావర్తన దూరదర్శిని, పెట్టిన డబ్బుకు ఎక్కువ వ్యాసం ఇచ్చేది ఇదే. రెండూ కలిపిన మాక్సుటోవ్ రకం పొట్టిగా ఉండి గ్రహాలకు బాగుంటుంది, కానీ ఖరీదు.

గొట్టం కన్నా స్టాండే ఎక్కువ కష్టపెడుతుందన్నది కొన్నాకే చాలామందికి అర్థమవుతుంది. భూమి తిరుగుడు వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. 100 రెట్ల ఆవర్ధనంలో సాధారణ ఐపీస్‌లో అర డిగ్రీ ఆకాశమే కనిపిస్తుంది కాబట్టి శని రెండు నిమిషాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లిపోతుంది. మళ్లీ తిప్పిన ప్రతిసారీ సన్నకాళ్ల ట్రైపాడ్ ఊగి ఊగి ఆగేసరికి సగం సమయం అయిపోతుంది. కొనే ముందు గొట్టాన్ని వేలితో తట్టి, ఊపు రెండు మూడు సెకన్లలో ఆగుతుందో లేదో చూడాలి.

ఈక్వటోరియల్ స్టాండు చూడగానే నిపుణుల సామానులా కనిపిస్తుంది. దాని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. మన అక్షాంశంలో ధ్రువుడు ఉత్తర దిక్కున 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. బడంగ్‌పేటలో అటువైపు మొత్తం ఎల్‌బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దీపాల వెలుగు, దానికి తోడు ఎదురింటి నీళ్ల ట్యాంకు. ఇరుసును అంత కిందికి వంచితే చవక స్టాండ్లలో ఎదురు బరువు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ఇవి యూరప్, అమెరికా అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఫొటోలు తీసే ఉద్దేశం లేని కొత్తవారికి ఇది అనవసరం.

ఈ వ్యాసకర్త ఓటు డాబ్సోనియన్‌కే. చెక్క పెట్టెలో కూర్చున్న న్యూటన్ గొట్టాన్ని చేత్తో పైకీ కిందికీ, పక్కలకూ తోస్తే చాలు. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత మఠంలో ఇరవైమూడేళ్లు సన్యాసిగా ఉన్నవాడు. పారేసిన ఓడ కిటికీ గాజులను అద్దాలుగా అరగదీసి, 1967లో మఠం వదిలాక వాటిని పేవ్‌మెంట్ల మీద పెట్టి దారినపోయేవాళ్లకు చంద్రుణ్ణి చూపించాడు. 6 అంగుళాల డాబ్సోనియన్ పెద్దలకు ఏళ్ల తరబడి సరిపోతుంది. 8 అంగుళాలది ఇంకా బాగుంటుంది, కానీ బరువు. మూడో అంతస్తు డాబాకు లిఫ్టు ఉండదు. మెట్ల మలుపులో గొట్టం పడుతుందో లేదో, ఒక్కరే మోయగలరో లేదో టేపుతో కొలిచి మరీ నిర్ణయించుకోవాలి. పైకి ఎక్కించడానికి బద్ధకించే పెద్ద పరికరం కన్నా రోజూ పైకెళ్లే 130 మి.మీ. బల్ల మీది డాబ్సోనియన్ నయం.

ఒక మోసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొన్ని చవక న్యూటన్ రకాల్లో నాభ్యంతరం 1000 మి.మీ. అని రాసి ఉంటుంది, గొట్టం చూస్తే అర మీటరే. అంటే ఫోకసర్ లోపల ఒక నాసిరకం కటకం దాచి పొడవు పెంచారన్నమాట. అద్దాలు సరిచూసుకోవడం కష్టం, బొమ్మ ఎప్పటికీ పదును తేలదు. గొట్టం పొడవుకూ రాసిన నాభ్యంతరానికీ పొంతన లేకపోతే ఆ న్యూటన్ రకాన్ని వదిలేయాలి.

డాబా మీద రాత్రి

కొత్త టెలిస్కోప్‌కు మొదటి పని పగటిపూటే. పైన ఉండే చిన్న ఫైండర్, పెద్ద గొట్టం ఒకే చోటికి చూసేలా సరిచేయాలి. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసను తక్కువ ఆవర్ధనంలో మధ్యకు తెచ్చి, ఫైండర్ మరలు తిప్పి అందులోనూ అదే కొస మధ్యకు వచ్చేలా చేయాలి. ఈ పని చేయకుండా రాత్రి పైకెళ్లినవారు చంద్రుణ్ణి కూడా పట్టలేరు. చుట్టుపక్కల రక్షణ పరిశోధన సంస్థలున్న ప్రాంతం ఇది. పగలు గొట్టాన్ని వాటి వైపు గానీ, పక్కింటి కిటికీల వైపు గానీ తిప్పకపోవడం బుద్ధిమంతుల లక్షణం. మొదటి వారంలోనే పక్కింటివారిని పిలిచి చంద్రుణ్ణి చూపిస్తే అనుమానాలుండవు, తర్వాత అడిగితే వాళ్ల వరండా లైటు ఆర్పేస్తారు కూడా.

ఇక్కడి అసలు శత్రువు స్లాబు వేడి. మార్చి నుంచి మే దాకా పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి చాలాసేపటి వరకు వేడి గాలిని పైకి వదులుతుంది. ఐపీస్‌లో గురుడి అంచు ఆవిరి వెనక ఉన్నట్టు అలలుగా కదులుతుంటుంది. పడుకోవడానికని సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లే పాత అలవాటు ఇక్కడ కొంత మేలు చేస్తుంది. ఇంకా మంచిది, రాత్రి పది దాటాక చూడడం, లేదా పక్కన మట్టి నేల ఉన్న ఖాళీ ప్లాటు ఉంటే అక్కడికి దించుకోవడం. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీదుగా ఏ గ్రహాన్నీ చూడకూడదు. పరికరాన్ని గదిలోంచి తెచ్చాక బయటి ఉష్ణోగ్రతకు రావడానికి అరగంట ఇవ్వాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం బాగుంటుంది, అయితే చలికాలపు పొగమంచు, దుమ్ము నగరంపై కప్పుకుని క్షితిజం దగ్గర చుక్కలను మింగేస్తాయి. మంచు కటకాల మీద పడకుండా నల్లటి చార్టుతో గొట్టం మూతి ముందు మరో అడుగు తొడుగు చుట్టుకుంటే సరిపోతుంది.

ఏం చూడాలి

చంద్రుడితోనే మొదలుపెట్టాలి, పౌర్ణమి నాడు మాత్రం వద్దు. సూర్యకాంతి నిలువుగా పడే పౌర్ణమి రోజు నీడలుండవు, నేలంతా చదునుగా తోస్తుంది. శుక్లపక్షం పంచమి నుంచి దశమి దాకా వెలుగు చీకట్ల సరిహద్దు గీత వెంట గుంతల గోడలు పొడుగాటి నీడలు పరుస్తాయి. అష్టమి దాటాక 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ గుంతలో మెట్లు మెట్లుగా జారిన గోడ, నడుమ శిఖరాలు 60 రెట్లలోనే తెలుస్తాయి. చంద్రయాన్-3 దిగిన చోటు కనిపిస్తుందా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. 2023 ఆగస్టు 23న విక్రమ్ దిగిన ప్రాంతం దక్షిణాన 69 డిగ్రీల దగ్గర ఉంది, ఆ గుంతల ప్రాంతం కనిపిస్తుంది. ల్యాండర్ మాత్రం కనిపించదు, 6 అంగుళాల పరికరంలో చంద్రుడి మీద పట్టుబడే అతిచిన్న వివరమే దాదాపు ఒకటిన్నర కిలోమీటరు.

గ్రహాల విషయంలో మన అక్షాంశం అదృష్టం. లండన్ వాళ్లకు తరచూ చెట్లపై నుంచి తొంగిచూసే గ్రహాలు మనకు నడినెత్తికి దగ్గరగా వస్తాయి. దట్టమైన గాలి పొర అడ్డం తక్కువ కాబట్టి బొమ్మ నిలకడగా ఉంటుంది. గురుడి మీద రెండు గోధుమరంగు పట్టీలు, రాత్రికి రాత్రే స్థానాలు మారే నాలుగు చంద్రులు 50 రెట్లలో చక్కగా కనిపిస్తాయి. శని వలయాలు 2025 మార్చిలో అంచువైపు తిరిగి గీతలా సన్నబడ్డాయి. అక్కడి నుంచి ఏటా విచ్చుకుంటూ 2032 ప్రాంతానికి పూర్తిగా తెరుచుకుంటాయి. కుజుడు 26 నెలలకోసారి దగ్గరకు వచ్చినప్పుడే చూడదగ్గవాడు, మిగతా కాలమంతా ఎర్ర చుక్కే. శుక్రుణ్ణి సంజె వెలుగులో చూస్తే చంద్రుడిలాగే కళలు తెలుస్తాయి. వేగుచుక్క నెలవంక ఆకారంలో ఉండడం చూసి నమ్మలేనివారు ఉంటారు.

తెలుగువారికి బాగా తెలిసిన జంట ఒకటి ఉంది. పెళ్లిలో పురోహితుడు మిట్టమధ్యాహ్నం ఆకాశం వైపు చేయి చూపి అరుంధతిని చూశారా అంటాడు, వధూవరులు చూశామంటారు. వైశాఖ మాసపు ముహూర్తాల్లో పెళ్లి జరిగినవారికి నిజంగా చూసే అవకాశం ఆ సాయంత్రమే ఉంది. ఆ రోజుల్లో సప్తర్షి మండలం ఉత్తరాన ఎత్తుగా ఉంటుంది. తోక మధ్య చుక్క వశిష్ఠుడు, ఆనుకుని మసకగా అరుంధతి, రెంటి మధ్య 12 ఆర్క్ నిమిషాల ఎడం. చూపు బాగున్నవారికి కంటితోనే తెలుస్తుంది. టెలిస్కోప్ పెడితే ఇంకో సంగతి బయటపడుతుంది: వశిష్ఠుడు ఒంటరి చుక్క కాడు. 14 ఆర్క్ సెకన్ల దూరంలో మరో నక్షత్రం అతనికి జతగా ఉంది. దూరదర్శినితో గుర్తించిన తొలి జంట నక్షత్రాల్లో ఇదొకటి, 17వ శతాబ్దంలో. జంటలను నగర కాంతి ఏమీ చేయలేదు. పునర్వసులోని ఒక చుక్క క్యాస్టర్ కూడా 100 రెట్లలో రెండుగా విడిపోతుంది. బడంగ్‌పేట డాబాకు జంట నక్షత్రాల కన్నా మంచి వ్యాపకం లేదు.

మసక వస్తువుల్లో మృగశిర కింది నెబ్యులా శివార్ల నుంచి కూడా బూడిదరంగు రెక్కలా కనిపిస్తుంది. పత్రికల్లో చూసే ఎరుపు, నీలం కెమెరా పోగుచేసినవి, కంటికి ఉండవు. ఈ ఒక్క మాట ముందే తెలిస్తే సగం నిరాశలు తప్పుతాయి. పుష్యమి దగ్గరి తేనెపట్టు గుచ్ఛం, కృత్తికలు, వృశ్చికం తోక దగ్గర మూలా నక్షత్రం పక్కనున్న రెండు గుచ్ఛాలు తక్కువ ఆవర్ధనంలో బాగుంటాయి.

దక్షిణాకాశం ఈ శివారుకు దక్కిన వరం. నగరం ఉత్తరాన, వాయవ్యాన ఉంది. దక్షిణం వైపు పల్లెలు, పొలాలు. శంషాబాద్ విమానాల దీపాలను పట్టించుకోకపోతే అదే చీకటి దిక్కు. శీతాకాలపు సాయంత్రాల్లో అగస్త్య నక్షత్రం 20 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మే మొదటి సగంలో రాత్రి పది ప్రాంతాన ఒమేగా సెంటారీ గుచ్ఛం దక్షిణాన 25 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. లండన్‌లో ఉన్నవారు ఎంత పెద్ద పరికరం కొన్నా దీన్ని అక్కడి నుంచి చూడలేరు. అదే ఋతువులో దక్షిణ శిలువ క్షితిజానికి పది, పదిహేను డిగ్రీల పైన నిలబడుతుంది.

సూర్యుడి విషయంలో

సరైన ఫిల్టర్ లేకుండా పొరపాటున కూడా టెలిస్కోప్‌తో సూర్యుణ్ణి చూడకూడదు. క్షణంలో చూపు పోతుంది, నొప్పి కూడా తెలియదు. చవక పెట్టెల్లో ఐపీస్‌కు బిగించే నల్లటి సూర్య ఫిల్టర్ ఇస్తుంటారు. కాంతి మొత్తం కేంద్రీకృతమయ్యే చోట ఉండడం వల్ల వేడికి అది పగిలిపోవచ్చు, కనిపించగానే చెత్తబుట్టలో వేయాలి. సరైన ఫిల్టర్ గొట్టం ముందు భాగం మొత్తాన్ని కప్పుతుంది, ఫైండర్‌కు కూడా మూత ఉండాలి. అలా అమర్చుకున్నాక సూర్యమచ్చలు రోజురోజుకూ జరగడం గమనించవచ్చు. ఏ పరికరమూ లేకుండా సూర్యుణ్ణి తెలుసుకునే రోజులు కూడా ఉన్నాయి: హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి, నిలువు కర్రకు నీడే ఉండదు.

సంరక్షణ

మన వాతావరణంలో అద్దాలను పాడుచేసేది వాడకం కన్నా వానాకాలం. తడిగా మూసిపెట్టిన కటకాల మీద బూజు పట్టి, పూతను తినేస్తుంది. పరిశీలన అయ్యాక తేమ ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో ఐపీస్‌లను డబ్బాలో పెట్టాలి. రేకుల కప్పున్న మెట్ల గదిలో గొట్టాన్ని వదిలేయకూడదు. దుమ్ము పడిందని అద్దాన్ని గుడ్డతో తుడిచేవారు ఉంటారు. కొంచెం దుమ్ము చేసే హాని కన్నా ఆ గుడ్డ పెట్టే గీతల హాని ఎక్కువ.

ఊరు దాటి

శివారు నుంచి కనిపించనిది పాలపుంత. దాని కోసం సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, యాచారం దాటి వెళ్లాలి, లేదా శ్రీశైలం రోడ్డులో కడ్తాల్ అవతలకు. అమావాస్యకు అటూ ఇటూ వారం రోజులే ఇందుకు తగినవి. కొత్త చోట్లకు ఇద్దరు ముగ్గురు కలిసి, స్థలం యజమానిని అడిగి వెళ్లడం మంచిది. తోడు కోసం వెతికేవారికి 1985లో మొదలైన బిర్లా ప్లానెటేరియం, నగరంలో పనిచేసే ప్లానెటరీ సొసైటీ ఇండియా, గ్రహణాల వేళ భయాలు పోగొట్టేందుకు జనంలోకి వెళ్లే జన విజ్ఞాన వేదిక ఉన్నాయి. సొంతంగా అద్దం అరగదీయాలనుకునేవారికి పుణేలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా శిక్షణ ఇచ్చిన చరిత్ర ఉంది.

ఔత్సాహికుల పరిశీలన శాస్త్రానికి పనికొస్తుందా అంటే, వస్తుంది. బెంగాల్‌లో జెస్సోర్ కచేరీలో చిరుద్యోగి రాధాగోబింద చంద్ర చర నక్షత్రాల వెలుగును వేల సార్లు అంచనా వేసి అమెరికాలోని చర నక్షత్ర పరిశీలకుల సంఘానికి పంపితే, వాళ్లు 6 అంగుళాల పైచిలుకు దూరదర్శినిని ఆయనకు పంపించారు. ఆ సంఘం ఇప్పటికీ ఎవరి లెక్కలనైనా స్వీకరిస్తుంది. ఉల్కలు లెక్కించడానికి పరికరమే అక్కర్లేదు.

ఇవన్నీ కొనసాగాలంటే చీకటి మిగలాలి. ఫిసల్‌బండ నుంచి బేగంపేటకు, బేగంపేట నుంచి రంగాపూర్‌కు వేధశాల జరిగిన దారిలోనే నగరం దీపాలు కూడా జరిగాయి. బడంగ్‌పేట కాలనీలు ఇప్పుడు ఆ అంచున ఉన్నాయి. ఆకాశంలోకి పోయే వెలుగుకు కూడా కరెంటు బిల్లు మనమే కడుతున్నాం. అందుకే కాలనీ సంక్షేమ సంఘాలకు ఒక విన్నపం: కొత్త వీధి దీపం వేయించేటప్పుడు వెలుగు రోడ్డు మీదికే పడేలా పైన మూత ఉన్నది అడగండి. ఇంటి గేటు మీది ఫ్లడ్ లైటును కిందికి వంచడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక స్క్రూడ్రైవర్ చాలు.